చీర రంగు చెప్పని సినిమాలు

బుకిట్ బటోక్, సింగపూర్
10 ఫిబ్రవరి 2024, శనివారం

వదినా,

కవరు మీద నా దస్తూరీ చూసి ఏమైందోనని కంగారు పడకండి. అందరం బాగానే ఉన్నాం. మీ తమ్ముడు బాగున్నారు. మహతి నాకంటే పొడుగైపోయి, అల్మారా పై అరలో డబ్బా అందుకోవాలంటే నేను దాన్నే బతిమాలుకునేలా చేసింది. బాగా లేనిది నా తల ఒక్కటే, అదీ సగం.

అప్పుడప్పుడు కుడివైపు తలనొప్పి వస్తుందని మీకు చెప్పాను కదా. ఇప్పుడది వారం వారం చుట్టంలా దిగుతోంది. ముందు కళ్ళ ఎదుట వంకరటింకర వెలుగులు కదులుతాయి. తర్వాత కణత దగ్గర రోట్లో దంచుతున్నట్టు మొదలవుతుంది. వెలుతురు పడదు, చప్పుడు పడదు, పోపు వాసన అసలే పడదు. డాక్టరు మైగ్రేన్ అన్నాడు. తువాస్‌లో మా ఆఫీసులో పగలంతా కంప్యూటర్ ముందు కూర్చోక తప్పదు కాబట్టి, ఇంటికొచ్చాక ఇంకే తెరా చూడొద్దన్నాడు. టీవీ లేదు, ఫోన్ లేదు. ఫోన్‌లో మాట్లాడవచ్చు కదా అంటారేమో. మీరు సినిమా గురించి గట్టిగా వాదిస్తారు, నేను ఇంకా గట్టిగా వాదిస్తాను, మళ్ళీ రోకలి మొదలు. అందుకే ఈ ఉత్తరం.

నా దిగులంతా మన శనివారం గురించి. లాక్‌డౌన్‌లో మొదలుపెట్టాం కదా, అక్కడ మీరూ ఇక్కడ నేనూ మధ్యాహ్నం ఒకే సినిమా పెట్టుకుని చూడటం, అవగానే ఫోన్లు చేసుకుని ఆ సినిమాని ఉతికి ఆరేయడం. అంతకుముందు మీరంటే నాకు భయం, నేనంటే మీకు అనుమానం. ఏళ్ళ తరబడి "తిన్నారా", "తిన్నాం" దగ్గరే ఆగిపోయాం. ఈ సినిమాల వల్లే మనం నిజంగా వదినా మరదళ్ళం అయ్యాం. అవి ఆగిపోతే మళ్ళీ "తిన్నారా" దగ్గరికి వెళ్ళిపోతామేమోనని నాకు బెంగగా ఉంది. తలనొప్పికంటే అదే ఎక్కువగా బాధపెడుతోంది.

కాబట్టి ఒక ఉపాయం. మీరు చూసి నాకు కథ రాయండి. తపాలా ఆఫీసులో రిటైరైన మనిషికి ఉత్తరం సంగతి నేను చెప్పాలా. అసలు సినిమా కంటే మీరు చెప్పే సినిమాయే బాగుంటుంది. హీరోయిన్ ఏ సీన్లో ఏ చీర కట్టింది, అంచు ఎంత, జాకెట్టు నప్పిందా లేదా, ఇవన్నీ తేలితే గాని మీరు కథలోకి దిగరు. బాగున్న రోజున నేను నల్లద్దాలు పెట్టుకుని మొదటి సగం చూస్తాను. విశ్రాంతి తర్వాతది మీరు పంపండి. ఆ రైస్‌మిల్లు సినిమా మొదటి సగం అలాగే చూశాను, దానితో మొదలుపెట్టండి.

ఈ రోజు చైనీస్ కొత్త సంవత్సరం. మా బ్లాక్ కింద సింహం ఆట, డప్పులు. చెవుల్లో దూది పెట్టుకుని రాస్తున్నాను. ఎదురు ఫ్లాట్ యోగేశ్వరి అక్క వచ్చింది. వాళ్ళు మలేషియా తెలుగువాళ్ళు, ఈపో నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. "సకిత్ కెపాలా వస్తే ఊరికే పండుకుంటారామ్మా, ఈ మిన్యక్ రాయాల" అని సగం మలయ్‌లో నా తలనొప్పిని మందలించి, ఏదో ఆకుపచ్చ తైలం నా కణతలకు పట్టించింది. ఆ ఘాటుకి నొప్పి రెట్టింపైంది. ఆవిడ మనసు కష్టపెట్టలేక తగ్గిందన్నాను. ఇక రోజూ సీసా పట్టుకుని వస్తానంది.

కథ కోసం ఎదురుచూసే
భువన

———

విజయనగరం
26-2-2024

సగం తల మరదలికి సగం నోరు మూసుకుని రాస్తున్న వదిన ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ అన్నయ్యగారు చదివి వినిపించారు. అవి అక్షరాలా, ఆవగింజలా? ఇక మీదట పెద్దగా రాయి, ఆయన కళ్ళు పోతాయి. నేను హాయిగా పడక్కుర్చీలో వాలి విన్నాను. కరెంటు ఆఫీసులో చేసినాయన కదా, శుభలేఖ చదివినా బిల్లు చదివినట్టే ఉంటుంది. నువ్వు బెంగ అని రాసిన చోట కూడా యూనిట్లు లెక్క చెప్పినట్టే చెప్పారు. అయినా నీ బెంగ నాకు తెలిసింది. మన శనివారం ఎక్కడికీ పోదు.

ముందు మాత్ర సంగతి. నొప్పి వచ్చినప్పుడు వేసుకునేది కాకుండా, రాకుండా రోజూ వేసుకోమని డాక్టరు ఒకటి ఇచ్చాడట. నువ్వు దాన్ని డ్రాయర్లో పెట్టి పూజ చేస్తున్నావట. మా తమ్ముడు చక్రి చెప్పాడు. చదువుకున్నదానివి, ఇదేం పద్ధతి?

ఇక రైస్‌మిల్లు సినిమా. మొదటి సగం నువ్వు చూశానన్నావు కనుక అక్కడి నుంచి చెప్తాను. పెదనాన్న తమ్ముడి మిల్లు కాజేసి కోర్టుకెక్కాడు కదా. తీర్పుకి ముందురోజు ఆ పెదనాన్న గదిలో ఒక్కడే ఉండి వెక్కి వెక్కి ఏడుస్తాడు. "తమ్ముడూ, నీకు అన్యాయం చేశానురా, నన్ను క్షమించు" అని ఎంత ఏడ్చాడనుకున్నావు. ఆ గొంతు విని నాకూ కన్నీళ్ళు ఆగలేదు. మర్నాడు కోర్టులో ఏదో గొడవ జరిగింది, జనం కేకలు, జడ్జి బల్ల మీద సుత్తి. చివర్లో మిల్లు మళ్ళీ ఆడుతున్న చప్పుడు. అంటే కలిసిపోయారన్నమాట. మంచి సినిమా. మీ అన్నయ్యగారు పేర్లు పడుతుండగానే నిద్రపోయి, శుభం పడ్డాక లేచి "బాగుంది" అన్నారు.

మాత్ర వేసుకో.

మీ వదిన
రాజకుమారి

———

బుకిట్ బటోక్
16 మార్చి 2024

వదినా,

మీ ఉత్తరం అందిన రోజు నేను లిఫ్ట్ దగ్గరే కవరు చింపేశాను. ఎంత పెద్ద అక్షరాలు రాశారో. పేజీకి పది లైన్లు కూడా పట్టలేదు. నా కళ్ళకు శ్రమ లేకుండా అలా రాశారని వెంటనే అర్థమైంది. అది చూసి కాసేపు అక్కడే నిలబడిపోయాను. లిఫ్ట్ వచ్చి వెళ్ళిపోయింది.

మీ కోరిక ప్రకారం నేనూ పెద్దగా రాస్తున్నాను. మహతి చూసి, "అమ్మా, ఇది లెటర్ ఆ, బ్యానర్ ఆ? సో బిగ్ లా" అంది.

మీరు రాసిన కథ భోజనాల దగ్గర అందరికీ చదివాను. మీ తమ్ముడు ముద్ద చేత్తో పట్టుకుని ఆగిపోయారు. "పెదనాన్న మారడమేంటి? అద్దం ముందు నిలబడి దొంగ ఏడుపు ప్రాక్టీస్ చేస్తాడు వాడు. మర్నాడు కోర్టులో అచ్చం అలాగే ఏడ్చి కేసు గెలుస్తాడు. మిల్లు వాడిదే అయిపోతుంది. అక్క ఏ సినిమా చూసిందసలు?" అన్నారు.

ముందు నాకూ అర్థం కాలేదు. తర్వాత తట్టింది. మనసు కలత పడితే తలనొప్పి వస్తుందని నేనే మీకు ఎప్పుడో చెప్పాను. మీరు నా కోసం దుర్మార్గుణ్ణి మార్చేశారు. సినిమావాళ్ళు ఓడించిన తమ్ముణ్ణి మీరు గెలిపించారు. వదినా, నా తల కోసం కథలే మార్చే మనిషి ఉంటే నాకేం తక్కువ?

ఇక్కడ మా ఇల్లు ఇప్పుడు లైబ్రరీలా ఉంది. అందరూ గుసగుసలే. నాకు బాగా లేనప్పుడు టీవీ మీద దుప్పటి కప్పేస్తారు, దాని చిన్న ఎర్ర దీపం కూడా నాకు గుచ్చుకుంటుంది. పై ఫ్లాట్‌లో మాత్రం రెనొవేషన్ పెట్టారు. ఆ డ్రిల్లింగ్ ముందు మా గుసగుసలు ఏపాటి? ఒకరోజు తల ప్రాణం తోకకొచ్చింది.

జూన్‌లో మహతికి నెల రోజులు సెలవులు. మీరూ అన్నయ్యగారూ రండి. నేను చూడలేకపోయినా పక్కన కూర్చుంటాను. మీరు సినిమా చూస్తూ తిడుతుంటే ఎదురుగా కూర్చుని వినాలని నాకు ఎప్పటినుంచో కోరిక. కాదనకండి.

మీ
భువన

———

విజయనగరం
2-4-2024

భువనమ్మకి,

అవును, నీ కోసమే మార్చాను. నువ్వు పట్టేస్తావని అనుకోలేదు. ఇక మీదట కూడా అలాగే రాస్తాను, మా వాడికి చదివి వినిపించకు. వాడు చిన్నప్పుడూ ఇంతే, పొడుపు కథ చెప్పేలోపు జవాబు చెప్పేసేవాడు.

ఇంకో సంగతి. మొన్న ఫోన్ చేస్తే మహతి తీసింది. "అమ్మ రూమ్‌లో ఉంది అత్తా, డోర్ క్లోజ్" అంది. చక్రికి ఇవ్వమంటే వాడు దొంగలా గొంతు తగ్గించి "తర్వాత మాట్లాడతానక్కా" అని పెట్టేశాడు. మీ ఇద్దరి మధ్యా ఏమైనా మాటా మాటా వచ్చిందా? తలనొప్పి అని తలుపేసుకోవడం, పెద్దది చేసుకోవడం మన ఆడవాళ్ళకి తెలియని విద్య కాదు. మా అమ్మకి సరిగ్గా మేనత్తలు వచ్చే వేళకి వచ్చేది. నిజం చెప్పు, నేను వాడికి రెండు అంటిస్తాను.

జూన్‌లో రావడం కుదరదమ్మా. మీ అన్నయ్యగారి మోకాళ్ళు బాగా లేవు. మామిడికాయ రోజులు, ఆవకాయ ఎవరు పెడతారు? పైగా ఆ విమానాశ్రయాల్లో ఒక బోర్డు కింద ఇంకో బోర్డు, ఎటు పోవాలో ఏమిటో. వద్దులే. తర్వాత చూద్దాం.

మాత్ర వేసుకుంటున్నావా లేదా రాయలేదు. నాకు తెలుసులే.

రాజకుమారి

———

బుకిట్ బటోక్
20 ఏప్రిల్ 2024

వదినా,

గొడవలూ లేవు, ఏమీ లేవు. మీ తమ్ముడు గొంతు తగ్గించింది నాకు నొప్పిగా ఉందని. మీరు నాలుగు అంటించాలనుకుంటే ఇంకో కారణం ఉంది, తడి తువ్వాలు మంచం మీదే వదిలేస్తారు. దానికి అంటించండి.

జూన్‌కి రానన్నందుకు మాత్రం మనసు చివుక్కుమంది. అన్నయ్యగారి మోకాళ్ళు బాగా లేవన్నారు. ఆయన రోజూ కోట చుట్టూ నడిచొస్తున్నానని ఇదే వారం మీ తమ్ముడికి చెప్పారట. ఆవకాయ జూన్ దాకా ఎవరు పెడతారు? బోర్డుల భయమా, తపాలా సంచుల మీద దేశమంతా ఊళ్ళ పేర్లు చదివి సర్దిన మీకు?

నాకు తోచింది రాసేస్తున్నాను. దుప్పటి కప్పిన టీవీ, గుసగుసలాడే మనుషులు, చీకటి గదిలో ఒక రోగిష్టి. ఈ ఇంటికి ఎవరు మాత్రం సరదాగా వస్తారు? నన్ను నొప్పించడం ఇష్టంలేక ఆవకాయని అడ్డం పెట్టారు. నాకు కోపం లేదు, మీ స్థానంలో నేనున్నా అదే చేస్తానేమో. బాధ మాత్రం ఉంది.

మే మొదటి శనివారం ఆ అక్కాచెల్లెళ్ళ సినిమా వస్తోందట. మీరు చూస్తారని తెలుసు. బాగుంటే నేనూ మొదటి సగం చూస్తాను.

భువన

———

విజయనగరం
6-5-2024

ఒసే పిచ్చిదానా,

నీ ఉత్తరం మీ అన్నయ్యగారు చదువుతుంటే మధ్యలో ఆపించాను. "రోగిష్టి" అన్న చోట. మళ్ళీ ఆ మాట రాశావంటే నీతో పచ్చి, మాట్లాడను. దుప్పటి కప్పిన టీవీ అయితేనేం, నువ్వున్న ఇల్లు నాకు చేదా? రాలేకపోవడానికి కారణం నువ్వు కాదు. ఇంతకంటే ఏమీ అడక్కు. పోనీ, నా మాట నమ్ము.

నీకు ఆవకాయ పంపిస్తున్నాను. పోపు వాసన పడదన్నావు, దీనికి పోపు లేదు.

శనివారం సినిమా చెప్తాను, మనసు కాస్త తేలిక పడుతుంది. అక్క ప్రేమించినవాడితో ఇల్లు వదిలి వెళ్ళిపోయే దాకా నువ్వూ చూసే ఉంటావు. అక్కకి మువ్వల పట్టీలు, నడిస్తే ఇల్లంతా వినబడుతుంది. తల్లికి ఆ దిగులుతో మతి తప్పుతుంది. చెల్లెలు ఒక్కతీ అన్నీ మోస్తుంది. ఏళ్ళు గడుస్తాయి. చివర్లో వాన, జోరు వాన. గేటు కిర్రుమంది. ఘల్లుఘల్లుమని పట్టీలు మెల్లిగా అరుగు మీదికి వచ్చాయి. తల్లి "వచ్చావా తల్లీ" అంది. ఇక ఎవరూ మాట్లాడలేదు, వీణ ఒక్కటే. అక్క తిరిగొచ్చిందమ్మా. నేను కళ్ళు తుడుచుకోవడానికి మీ అన్నయ్యగారి తువ్వాలు లాక్కున్నాను. ఈసారి ఏమీ మార్చలేదు. ఉన్నదున్నట్టు రాశాను, వాళ్ళని అడుగు కావాలంటే.

ముభావంగా ఉండకు, నాకు చేతకాదు నిన్ను అలా చూడటం.

వదిన

———

బుకిట్ బటోక్
25 మే 2024

వదినా,

ఒకటి అడుగుతాను, కోపగించుకోకండి.

ఆ శనివారం మీరక్కడ సినిమా చూస్తున్నప్పుడే ఇక్కడ మీ తమ్ముడూ మహతీ హాల్లో చూశారు. నేను మొదటి సగం కూడా చూడలేదు. పేర్లు పడుతుండగానే కళ్ళ ముందు వెలుగులు మొదలయ్యాయి, లేచి గదిలోకి వెళ్ళిపోయాను. కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని పడుకున్నాను. తలుపు ఓరగా ఉంది. వాళ్ళు సౌండ్ తగ్గించి పెట్టుకున్నారు. మాత్ర పనిచేసి నొప్పి కాస్త సర్దుకున్నాక, మాటలు ఒక్కొక్కటే చెవిన పడ్డాయి. అలా పడుకునే సినిమా అంతా విన్నాను. చివరికి నాకు కూడా ఏడుపొచ్చింది.

బయటికొచ్చి, "పోనీలెండి, అక్క తిరిగొచ్చింది" అన్నాను. తండ్రీ కూతుళ్ళు నా వంక వింతగా చూశారు. "నో లా అమ్మా, అక్క రాలేదు. అది చెల్లెలు. అక్క పట్టీలు పెట్టుకుని వస్తుంది, వాళ్ళమ్మ హ్యాపీగా ఉండాలని" అంది మహతి. అక్క ఇక ఎప్పటికీ రాదట. ఆ చివరి సీన్లో తల్లి అనే ఆ ఒక్క మాట తప్ప ఇంకే మాటా లేదట, మొహాలు చూస్తే తప్ప తెలియదట.

సరే, చెవులతో సినిమా చూస్తే ఇలాగే అవుతుందని నవ్వుకున్నాను. తర్వాత మీ ఉత్తరం వచ్చింది. గేటు కిర్రుమంది, పట్టీలు ఘల్లుమన్నాయి, అక్క తిరిగొచ్చింది. నేను చేసిన పొరపాటే, పొల్లు పోకుండా మీరూ చేశారు. ఈసారి ఏమీ మార్చలేదని కూడా రాశారు.

మీరు రాసిన ఉత్తరాలన్నీ ముందేసుకుని మళ్ళీ చదివాను. పెదనాన్న గొంతు, జడ్జి సుత్తి, మిల్లు చప్పుడు, జోరు వాన. అన్నీ వినబడేవే. ఇన్ని పేజీల్లో ఒక్క చీర రంగు లేదు వదినా. ఒక్క అంచు లేదు. మీరు కథ మర్చిపోతారంటే నమ్ముతాను, చీర మర్చిపోయారంటే ఎలా నమ్మను?

పెద్ద పెద్ద అక్షరాలు నా కోసం కాదు. నా ఉత్తరాలు అన్నయ్యగారు చదవడం పడక్కుర్చీ కోసం కాదు. జూన్‌లో రానన్నది ఆవకాయ కోసం కాదు. ఎయిర్‌పోర్ట్ బోర్డుల మాట ఒక్కటే నిజం, దాన్ని మిగతావాటి మధ్య దాచారు.

మీ కళ్ళకి ఏమైంది?

మీ
భువన

———

విజయనగరం
10-6-2024

భువనా,

ఈసారి మీ అన్నయ్యగారు చదవడం పూర్తిచేసి, కళ్ళద్దాలు తీసి, "దొరికిపోయావు" అన్నారు. ఆ ఒక్క మాటలో మాత్రం బిల్లు గొంతు లేదు. ఆయనకి సంతోషంగా ఉంది.

రెండు కళ్ళలోనూ శుక్లాలు. సంక్రాంతికి ముందే డాక్టరు చెప్పాడు. బాగా ముదిరాయి, ఆపరేషన్ చెయ్యాలన్నాడు. నీకు చెప్పొద్దని మీ అన్నయ్యగారి చేత ఒట్టు వేయించుకున్నాను. టీవీ నాకు పొగమంచులో పెళ్ళి ఊరేగింపులా కనిపిస్తుంది. రంగులు కదులుతాయి, మనుషులు తెలియరు. అప్పుడు నీ ఉత్తరం వచ్చింది, శనివారాలు ఆగిపోతాయేమోనని బెంగ అని. నాకూ అదే బెంగ పిల్లా. నాకు కనబడటం లేదంటే నువ్వు ఇంకెవరి చేతనైనా కథలు చెప్పించుకుంటావని భయం వేసింది. చెవులు పనిచేస్తున్నాయి కదా, నెట్టుకొద్దాం అనుకున్నాను. దొంగ ఏడుపుకి నిజం కన్నీళ్ళు కార్చాను. నువ్వేమో నీ కోసం కథ మార్చానని మురిసిపోయావు. కాదనడానికి మనసొప్పలేదు, ఆ పేరు కొట్టేశాను.

ఆపరేషన్ ఎందుకు చేయించుకోలేదంటావు. భయం. మెలకువగా ఉండగానే కంటి మీద పని చేస్తారట. కత్తి వస్తుంటే కన్ను చూస్తూ ఉండటమేనా? సూది చూస్తేనే నాకు కాళ్ళు చల్లబడతాయి. అదొక్కటే కారణం, గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు.

కష్టాలు లేకపోలేదు. మొన్న గ్యాస్ సిలిండర్ తెచ్చినతను గుమ్మంలో నిలబడితే మీ అన్నయ్యగారనుకుని, "ఇంతాలస్యమా, ముందు కాళ్ళు కడుక్కుని రండి" అని గదమాయించాను. పాపం, వెళ్ళి కడుక్కొచ్చాడు.

నీకు అబద్ధం చెప్పినందుకు సిగ్గుగా ఉంది. నువ్వు మాత్రం నన్ను ఇట్టే చదివేశావు.

వదిన

గమనిక: తేదీ ఖరారు చేసి చెప్పవలసినదిగా డాక్టరు మూడుసార్లు అడిగియున్నారు. మీ వదినగారు వాయిదా వేయుచున్నారు. తగు చర్య తీసుకొనగలరు. — విశ్వనాథం

———

బుకిట్ బటోక్
24 జూన్ 2024

వదినా,

అన్నయ్యగారి ఫిర్యాదు అందింది. చర్య తీసుకుంటున్నాను.

ముందు ఒక మాట. మీకు కనబడకపోతే నేను వేరే మనిషిని వెతుక్కుంటాననుకున్నారా? నేను చూడలేకపోతే మీరు నన్ను వదిలేస్తారనుకున్నాను నేను. ఇద్దరం ఒకే భయం పెట్టుకుని, ఇద్దరం చూడని సినిమాల గురించి ఇన్ని నెలలు కబుర్లు చెప్పుకున్నాం. మీ తమ్ముడికి చెబితే నవ్వి నవ్వి సోఫాలోంచి జారారు. నవ్వు కూడా గుసగుసగానే.

ఇప్పుడు నా సంగతి. ఆ రోజువారీ మాత్ర ఎందుకు వేసుకోలేదో మీకు రాయలేదు. పొద్దున్నే మత్తుగా ఉంటుందని, ఆఫీసు బస్సు తప్పిపోతుందని అందరికీ చెప్పాను. అసలు సంగతి అది కాదు. నొప్పి వచ్చినప్పుడు మాత్ర వేసుకుంటే నొప్పి వచ్చిన మనిషిని. నొప్పి లేని రోజు కూడా వేసుకుంటే జబ్బు మనిషిని. అది ఒప్పుకోలేకపోయాను. మీ కత్తి భయం కంటే ఇదేమీ తెలివైన భయం కాదు.

నిన్నటి నుంచి మాత్ర మొదలుపెట్టాను. మీరు ఆపరేషన్‌కి తేదీ చెప్పిన రోజు దాకా వేసుకుంటాను. మీ నుంచి వచ్చే తర్వాతి కబురులో తేదీ లేకపోతే మానేస్తాను. నొప్పి వచ్చినప్పుడల్లా, ఇది మా వదిన వల్లే అని యోగేశ్వరి అక్కకి చెప్పుకుంటాను. బెదిరింపే ఇది, ఇంకో పేరు పెట్టనక్కర్లేదు.

యోగేశ్వరి అక్కకి రెండు కళ్ళూ అయ్యాయి. మీ గురించి చెప్పి, కత్తి కనిపిస్తుందా అని అడిగాను. "కత్తీ లేదు కిత్తీ లేదమ్మా, వెలుతురే కనిపించింది. నేను డాక్టర్ దగ్గిర మా కోడలి సంగతి చెప్పతానే ఉండా, అంతలో అయిపోయింది. ఒకటే నష్టం, కట్టు తీస్తానే ఇంట్లో ఎంత దుమ్ముందో తెలిసింది" అంది. మీకు ఆ తైలం సీసా కూడా పంపమంది. పంపడం లేదు, నాకు మీరు కావాలి.

భయం వేస్తే వెయ్యనివ్వండి. కళ్ళు మాత్రం తెచ్చుకోండి వదినా. మీరు చీరల గురించి చెప్పని సినిమాలు నాకొద్దు.

మీ
భువన

———

విజయనగరం
12 ఆగస్టు 2024

సౌభాగ్యవతి భువనకి,

ఈ అక్షరాలు చూడు. ఒక్క పేజీలో ఎన్ని లైన్లు పట్టాయో. నీ ఉత్తరాలన్నీ మళ్ళీ నేనే చదువుకున్నాను, సొంతంగా. మీ అన్నయ్యగారు చదివినప్పుడు రెండు మూడు చోట్ల మింగేశారని ఇప్పుడు తెలిసింది. "అన్నయ్యగారి మోకాళ్ళు" అన్న పేరా అసలు వినిపించనే లేదు.

ఒక కన్ను జూలైలో, రెండోది మొన్న ఒకటో తారీకున. భయపడ్డానా అంటే, పడ్డాను. బల్ల మీద పడుకోబెట్టగానే యోగేశ్వరిగారిని తలుచుకుని నేనూ డాక్టరుకి ఏదో ఒకటి చెప్పాలని మొదలుపెట్టాను. రైస్‌మిల్లు సినిమా చెప్పాను. పెదనాన్న ఏడ్చే దగ్గరికి వచ్చేసరికి "అయిపోయిందమ్మా" అన్నాడు. "సినిమానా?" అన్నాను. "ఆపరేషన్" అన్నాడు. మిగతా కథ వినకుండానే పంపేశాడు.

దుమ్ము సంగతి నిజమే. ఇంకో నష్టం కూడా ఉంది. మీ అన్నయ్యగారు ఈ ఏడాది ఎంత ముసలివారయ్యారో ఒక్కసారే కనిపించింది. కాసేపు ఆయన వంకే చూస్తూ కూర్చున్నాను. "ఏమిటి?" అన్నారు. "తువ్వాలు మాసింది, మార్చండి" అన్నాను.

చక్రి చెప్పాడు, నీకు కిందటి నెల మొత్తం మీద ఒక్కసారే గట్టిగా వచ్చిందని. పూర్తిగా పోదని డాక్టరు అన్నాడట కదా, పోనీ. వచ్చినప్పుడు రానీ. మాత్ర మాత్రం ఆపకు. తేదీ దాకా అన్నావు, తేదీ అయిపోయింది కదా అని తెలివితేటలు చూపించకు.

శనివారం అక్కాచెల్లెళ్ళ సినిమా మళ్ళీ పెట్టాను. ఇప్పుడు విను. తల్లి మొదటి నుంచీ తెల్ల నేతచీరలే, సన్నటి నల్ల అంచు. చెల్లెలు ఇంట్లో వెలిసిపోయిన లేత ఆకుపచ్చ, జాకెట్టు అస్సలు నప్పలేదు, ఆ పిల్ల దర్జీని మార్చాలి. అక్క వెళ్ళిపోయిన రోజున కట్టింది వంగపండు రంగు పట్టుచీర, ఆవపువ్వు రంగు అంచు, బెత్తెడు వెడల్పు. చివర్లో గేటు తోసుకుని వానలో వచ్చింది చెల్లెలే. నువ్వన్నట్టే. పట్టీలు ఒక్కటే కాదు భువనా, ఆ వంగపండు చీర కట్టుకునే వచ్చింది. తల్లి ఆ చీరనే చూసి "వచ్చావా తల్లీ" అంది. రెండు కళ్ళూ ఉన్న తల్లే పొరబడింది, చీకట్లో ఉన్న మనదేం తప్పు? నేనైతే మళ్ళీ ఏడ్చాను. ఈసారి మొహాలు చూసి ఏడ్చాను. అది ఇంకా బాగుంది.

నవంబరుకి టికెట్లు తియ్యమని మా వాడికి చెప్పాను. బోర్డులన్నీ నేనే చదువుకుంటూ వస్తాను. మీ అన్నయ్యగారిని చెయ్యి పట్టుకుని తీసుకొస్తాను, ఇన్నాళ్ళూ ఆయన నన్ను నడిపించినట్టు.

వచ్చిన మొదటి శనివారం ఏం చెయ్యాలో ఇప్పుడే చెప్తున్నాను. నీకు బాగుంటే నా పక్కన కూర్చో. ఆ రోజు నొప్పి వస్తే మాత్రం మొహమాటపడి హాల్లో కూర్చోకు. గదిలో లైటు తీసి పడుకో, తలుపు ఓరగా వేసి ఉంచు. నేను గుమ్మం పక్కన కుర్చీ వేసుకుంటాను. మాటలు నువ్వు విను, చీరలు నేను మెల్లిగా చెబుతాను.

నీ వదిన
రాజకుమారి